నాబోటి వాడి బోటి కూర

ఫోన్లో వీడియోలు చూసి చాలా విద్యలు నేర్చుకున్నాను. నల్లాకు వాషరు మార్చడం వచ్చింది. మిక్సీ విప్పడం వచ్చింది; బిగించడం రెండో భాగంలో చెప్తానన్నాడు గానీ ఆ భాగం ఇంతవరకు రాలేదు. ఉచితంగా దొరికే చదువులో ఉచితానుచితాలు వెతకకూడదని సర్దుకుపోయేవాడిని. బోటి జోలికి పోనంతవరకు.

జ్వరం తగ్గాక మా అవ్వకు నోటి రుచి పోయింది. ఏది పెట్టినా నాలుగు మెతుకులు కతికి పళ్లెం జరిపేసేది. మనిషి రోజురోజుకూ మంచానికి అంటుకుపోతోంది. ఒక పొద్దున తనే నోరు తెరిచి అడిగింది.

"బోటి కూరుంటే తింటనేమో బిడ్డా."

ఆదివారం శామీర్‌పేటలో మేక పేగులు, పొట్ట కొన్నాను. కడిగిమ్మంటే మాంసం కొట్టాయన నవ్వాడు. "గిరాకి జూస్తలేవా అన్నా? ఇంటికాడ కడుక్కో." తూంకుంటలోని మా ఇంటికొస్తే నా భార్య గడప దగ్గరే ఆపింది.

"గా గలీజు నా వంటింట్ల అడుగు వెట్టొద్దు. ఫోన్ల మస్తు నేర్సుకుంటవ్ గదా, ఇగ గిది గూడ నేర్సుకో."

దొరికిన వీడియోలన్నీ "శుభ్రం చేసి పెట్టుకున్న బోటి తీసుకోండి" అనే మొదలయ్యాయి. అంతమాత్రం నాబోటి వాడికీ తెలుసు! చివరికి ఒకాయన కడగడం చూపించాడు. ఇంటి వెనక బట్టలుతికే బండ మీద ఫోన్ నిలబెట్టి కూర్చున్నాను. పేగు కొసను నల్లాకు తొడిగి నీళ్లు వదలమన్నాడు. వదిలాను. పేగు ఉబ్బింది, జారింది, మేక కడసారి మేసిన గడ్డంతా నా చొక్కా మీదికి చిమ్మింది. కొంత పెదవి మీద పడింది. రుచి చెప్పను. సరిగ్గా అప్పుడే వీడియో ఆగి అత్తరు ప్రకటన వచ్చింది. దాన్ని మోచేత్తో దాటించాను. ఆయన తిరిగొచ్చి గంట గుర్తు నొక్కమన్నాడు. పేగుల్లో ఇరుక్కున్న చేతులతో ముక్కు నొక్కుకునే దిక్కే లేదు నాకు.

తర్వాత పొట్ట. తడి తువ్వాలులా, జిగటగా ఉంది. వేడినీళ్లలో ముంచి నల్లపొర గీకుతుంటే అది గోళ్ల సందుల్లోకి ఎక్కింది. ఆయన ఇక చాలన్నాడు. నా అసహ్యం చాలనివ్వలేదు. ఉప్పు, పసుపు, నిమ్మకాయ, మళ్లీ వేడినీళ్లు. వాసన ఆనవాలైనా లేకుండా తోమి, బయటే పొయ్యి పెట్టి వండి, గర్వంగా అవ్వ ముందు పెట్టాను.

ఒక ముక్క నమిలింది. "గిదేంది కొడుకా, రబ్బరా?"

"బోటే అవ్వా. మస్తు కడిగిన."

"మరి వాసనేది?"

"పోగొట్టిన."

"గా వాసన కోసమే గదరా అడిగింది!"

పళ్లెం జరిపేసింది. నేను తోమినంత తోమినా ఆమె కడుపు ఖాళీగానే ఉండిపోయింది.

మర్నాడు మేడ్చల్ వెళ్లి మళ్లీ తెచ్చాను. ఈసారి గడ్డి పోయి, పొర ఊడగానే ఆపేశాను. చేతులేమో ఇంకా కడగమంటున్నాయి, ముక్కేమో మొత్తం పారేయమంటోంది. అలా కంపు కొడుతుండగానే వండాను.

అవ్వ పళ్లెం మీదికి వంగి వాసన పీల్చింది. అన్నం కలుపుకుంది. తిన్నది. "ఇంకింత వెయ్యి," అంది.

"మంచిగున్నదా?"

"మంచిగున్నది. జరంత పేడ వాసనొస్తాంది," అంది తృప్తిగా. అని, ఒక ముక్క ఏరి నా నోటి ముందుకు పట్టింది. "నువ్వు గూడ తిను బిడ్డా."

తిన్నాను. ఛీ.