మొదటి బిస్కెట్

మా ఇంట్లో ఏ కొత్త వస్తువైనా ముందు మా అక్కకు చూపించాలి. అక్క చనిపోయింది. ఆమె బతికుండగా ఇంత మర్యాద ఎవరూ చెయ్యలేదు.

అక్కను భూపాలపల్లిలో ఇచ్చారు. బావకు బొగ్గు గనిలో ఉద్యోగం. జ్వరమని దవాఖానకు వెళ్లిన అక్క మళ్లీ ఇంటికి రాలేదు. ఏడాది తిరగకముందే, అక్క కన్న పసిపిల్ల ఆగమైపోతుందని, మా పుట్టింటి ఊరు పెద్దవంగర నుంచి నన్ను తెచ్చి బావకే కట్టబెట్టారు. నా పుస్తెల పక్కన అక్క పేరున ఒక చిన్న బంగారు బిళ్ల గుచ్చారు. రెండో పెళ్లి మీద వచ్చినవాళ్లకు మా వైపు ఇది మామూలే. అప్పగింతలప్పుడు మా అమ్మ చెవిలో చెప్పింది ఒక్కటే మాట.

"చీరయినా, కూరయినా ముందు అక్క ఫొటో కాడ పెట్టు బిడ్డా. గామె ముట్టినంకనే నువ్వు ముట్టు. లేకుంటే పీడిస్తది."

నన్ను చంకనేసుకుని తిరిగిన అక్క నన్ను పీడిస్తుందా అని ఒళ్లు మండింది. అయినా భయపడ్డాను. ఫొటో ముందు పెట్టకుండా ఒక్క జాకెట్టు కూడా తొడుక్కోలేదు.

అక్క కూతురు నన్ను చిన్నమ్మ అనేది. పిలుపుతో నాకు పేచీ లేదు, చిన్నమ్మనే కదా. కానీ నేను పెట్టింది ఎప్పుడూ వెంటనే తినేది కాదు. పళ్లెంలో కెలుకుతూ నా వైపు, ఫొటో వైపు మార్చి మార్చి చూసేది. నాకు కొడుకు పుట్టాక ఆ చూపు మరీ ఎక్కువైంది. సవతి తల్లి అన్న మాట ఎవరు నేర్పారోనని వాడకట్టంతా అనుమానించాను. ఈ పిల్ల నన్ను ఎప్పటికీ తన మనిషి అనుకోదేమోనన్న దిగులు నన్ను తినేసేది.

బిస్కెట్ల పిచ్చి అప్పుడే పట్టుకుంది. పిల్లాడికి పాలిస్తూ ఫోన్‌లో చూసేదాన్ని, రంగురంగుల ఐసింగ్‌తో పూలు, పిట్టలు గీసిన బిస్కెట్లు. ఆ వీడియోల వంటగదుల్లో చీమ కనపడదు, చంటిపిల్లాడు కాళ్లకు చుట్టుకోడు, కరెంటు పోదు. బావను సతాయించి చిన్న ఓవెన్ కొనిపించాను. మొదటి వాయి నల్లగా మాడిపోయింది.

"గనిల నేను తీసే బొగ్గు సాలదా, ఇంట్ల నువ్వు గూడ తీస్తున్నవా?" అని బావ ఒకటే నవ్వు.

పట్టు వదల్లేదు. పిండిని అచ్చులతో కోసి, కాల్చి, చల్లారాక గోరింటాకు కోనులాంటి దాంట్లో ఐసింగ్ నింపి అంచు గీయాలి. అది ఆరాక లోపల పల్చటిది పోసి సూదితో సర్దాలి. చెయ్యి వణికితే పువ్వు కాస్తా పురుగవుతుంది. ఆ కాసేపు ఇంట్లో నేను తప్ప ఎవరూ లేనట్టుండేది. లేదు, అబద్ధం. అక్క ఉండేది. చిన్నప్పుడు వాకిట్లో ముగ్గు నేర్పుతూ, వెనక నుంచి వంగి నా వేళ్లు పట్టుకునేది. గీత గీస్తుంటే అదే ఊపిరి నా మెడకు తగిలేది. వెనక్కి తిరిగితే ఫ్రిజ్ ఉండేది.

ప్రతి వాయిలో మొదటి బిస్కెట్ ఫొటో ముందుకే వెళ్లేది. సాయంత్రానికి చీమలు పట్టేవి.

పిల్ల పుట్టినరోజు నాడు నాకు తిక్క రేగింది. గులాబీ రంగు గౌను, రెండు జడలతో పాప బొమ్మ గీశాను. చాలా బాగా కుదిరింది. ఇది కూడా చచ్చినవాళ్లకేనా? బతికున్న బిడ్డకు మొదటిది ఎప్పుడూ దక్కదా? ఫొటో వైపు చూడకుండా తీసుకెళ్లి పిల్లకు అందించాను.

"ఇయ్యాల మొదటిది నీకే."

పిల్ల మొహం పాలిపోయింది. చేతులు వెనక్కి దాచుకుని గోడకు అతుక్కుంది.

"నాకొద్దు. గా ఫొటో కాడ పెట్టు."

"ఏమైందే? నీ పుట్టినరోజు గదా."

"మొదటిది సచ్చిపోయినోల్లకే గదా పెడ్తరు. నేను గూడ సచ్చిపోతనా చిన్నమ్మా?"

ఊహ తెలిసినప్పటి నుంచి ఈ పిల్ల చూసింది అదే. ఈ ఇంట్లో మొదటి ముద్ద ఎవరికి పెడితే వాళ్లు ఇక లేనట్టే. పళ్లెం ముందు పెట్టగానే అటు చూసేది అందుకే, ముందు అక్కడ పెట్టానా లేదా అని. నేను సవతి తల్లినని కాదు, తను చచ్చిపోతానేమోనని.

"గట్లేం కాదు బిడ్డా. సూడు, నేను తింట. నాకేమైతదో నువ్వే సూడు," అంటూ ఆ బిస్కెట్‌ను నోటి దగ్గరకు తీసుకెళ్లాను.

గోడ దగ్గర నుంచి ఒక్క ఉరుకున వచ్చింది. నా మణికట్టును రెండు చేతులతో పట్టుకుని కిందికి గుంజింది. గోళ్లు దిగాయి.

"వద్దు! నువ్వు తినకు! నువ్వు గూడ పోతె నాకు, తమ్మునికి ఎవరున్నరు?"

బిస్కెట్ లాక్కుని, ఫొటో ముందు పెట్టి వచ్చి, నా ఒళ్లో ముడుచుకుంది. ఇద్దరం ఏడ్చాం. ఎందుకో తెలియకుండానే పిల్లాడూ గొంతు కలిపాడు.

ఎంత చెప్పినా ఆ భయం పిల్లకు పూర్తిగా పోలేదు. నాకు పోయిందనీ చెప్పలేను, గీత గీస్తుంటే మెడ మీద ఊపిరి ఇప్పటికీ తగులుతుంది. మొదటి బిస్కెట్ ఇప్పటికీ అక్కకే. రెండోది నేను తినాలి, అది పిల్ల పెట్టిన రూలు. నేను నమిలి మింగేదాకా నా గొంతు వైపే చూస్తుంది. ఆ తర్వాత మూడోది అందుకుంటుంది.