పొగ పడదని చెప్పాను

పాపకు పొగ పడదని డాక్టరు చెప్పాడని మా అత్తకు ఫోనులో చెప్పింది నేనే. డాక్టరు అట్లా ఏమీ చెప్పలేదు. ఆయన చూసింది పాప చెవిపోటును. రాసిచ్చింది చెవిలో వేసే చుక్కల మందు. ఆయన మాటగా నేను చెప్పిన మాట మాత్రం పెనుకొండ దగ్గర మా అత్తవాళ్ల ఊరంతా తిరిగింది.

పాప పుట్టిన ఏడాదికే జ్వరం తగ్గక హిందూపురంలో ఆసుపత్రిలో పెట్టాం. మా అత్త ఊళ్లో పీర్లచావిడికి పోయి, బిడ్డ బతికి బయటపడితే ప్రతి మొహర్రం పీర్లపండుగకూ దాన్ని ఫకీరును చేస్తానని మొక్కుకుంది. ఫకీరు కావడమంటే ఎరుపూ పచ్చా కలిపి పేనిన దారం మెడలో వేసుకోవాలి. చంకకు చిన్న జోలి తగిలించుకుని ఐదిళ్లలో అడుక్కోవాలి. దొరికిన గింజలు చావిడిలో పోసి, నిప్పుల గుండం చుట్టూ తిరిగి, పీర్లకు చక్కెర చదివించుకుని రావాలి. పండుగ అయ్యేదాకా ఆ ఇంట్లో కోడి కోయరు. మా అత్తవాళ్లు గొర్రెలూ వేరుశనగ చేలూ ఉన్న హిందువులు. ఆ ఊళ్లో పీర్లు ఎత్తేవాళ్లలో సగంమంది వాళ్ల కులంవాళ్లే. ఇందులో ఎవరికీ వింత కనిపించదు. పుట్టింట్లో ఇలాంటిది చూడని నాకే మొదట్లో వింత.

నేను ధర్మవరంలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. పీజీ చదివేటప్పుడు నా ప్రాజెక్టు కూడా దీనిమీదే చేశాను. ఒక మతంవాళ్లు ఇంకో మతం గడప తొక్కడాన్ని పండితులు రకరకాలుగా చూశారు. కొందరు అది కలిసి బతికినవాళ్లు తయారుచేసుకున్న సంస్కృతి అన్నారు. పైకి స్నేహమేగాని లోపల ఎవరి లెక్క వారిదేనని కొందరు వాదించారు. మతం అనే గీతే తర్వాత వచ్చింది, పల్లెలో ముందు ఉన్నది రోగమూ భయమూ వానా అని ఇంకొందరన్నారు. నేను మొదటివాళ్ల వైపు. పోయినేడు క్లాసులో ఈ పాఠం వచ్చినప్పుడు, జోలి తగిలించుకున్న పాప ఫోటోను పిల్లలకు చూపించాను కూడా. ఆ రోజు నా గొంతులో ఉన్న గర్వం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఎందుకంటే అదే ఫోటోను నా భర్త చుట్టాల గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి హిందూపురం నుంచి మా అన్న ఫోను.

"ఏమే, బిడ్డకు ఆ యేసమేంది?"

"మొక్కు, అన్నా. అత్త మొక్కుకున్నాది."

"మొక్కుకునేకి మనకు దేవుళ్లు కరువయినారా? నువ్వు పుస్తకాల్లో రాసుకుంటావు, నీకేం? నేను అంగట్లో కూర్చోవాల గదా. పొద్దున్నుంచి నలుగురు అడిగినారు, మీ మేనగోడలు తురకల్లో కలిసిందా అని. ఒకడు నవ్వతా అడిగినాడు. నవ్వతా అడిగేటోనికి ఏం చెప్పాల?"

అన్న ఈమధ్య ఒక పార్టీవాళ్లతో తిరుగుతున్నాడు. అంగడి ముందు జెండా కట్టాడు. ఈ ఒక్క మాటతో ఆయన్ను తీసిపారేయలేను. పాప ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ అంగడి మూసేసి, వరండాలో టవలు పరుచుకుని పడుకున్నది ఆయనే. నేను తినలేదని తెలిసి, ఇడ్లీ పొట్లం పట్టుకుని నర్సులతో పోట్లాడి లోపలికి వచ్చింది ఆయనే. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. చరిత్ర చెప్పే నోరు ఆ రోజు "సరేన్నా" అంది.

ఆ "సరే" ఏడాదంతా నాతోనే ఉంది. పాపను చేర్చిన ప్లేస్కూల్లో మిగతా తల్లులు ఏమనుకుంటారో అని ఇంకో భయం. ఈ ఏడు పండుగ దగ్గర పడగానే అత్త ఫోను చేసి "పాపను యెప్పుడు తోలుకొస్తాండావు?" అంటే, పొగ పడదన్న మాట నోటికి దానంతటదే వచ్చింది. అన్నతో వాదించాల్సిన పని లేదు, అత్తకు కాదని చెప్పాల్సిన పని లేదు. అంగడివాళ్ల ఇంట్లో పెరిగాను. ఎవరికీ కోపం రాకుండా బేరం తప్పించుకునే మాట మాకు చిన్నప్పుడే వస్తుంది.

అత్త "అట్లనా. అయితే వద్దులేమ్మా. బిడ్డ ముఖ్యం" అంది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

పండుగ అయిన కొన్నాళ్లకు, ఒక ఆదివారం పాపను తీసుకుని ప్యాసింజరు ఎక్కి పెనుకొండలో దిగి ఊరికి పోయాను. వాకిట్లో కట్టెల పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. మమ్మల్ని చూస్తూనే అత్త చెంబెడు నీళ్లు తెచ్చి పొయ్యిలో కుమ్మరించింది. సగం ఉడికిన సంగటి దించి లోపల గ్యాసు మీద పెట్టింది. ఆ గ్యాసును ఆమె పండుగకూ పబ్బానికీ తప్ప వెలిగించదు.

గొర్రెల దొడ్డి దగ్గర నుంచి మా మామ కేక వేశాడు. "ఏమ్మా, వస్తిరా? నేను ఆడికి రాకూడదంట. బీడీ తాగేటోనికి ఇంట్లో తావు ల్యాదంట. మీ యత్త నన్ను గొర్లతో పాటు కట్టేసినాది."

"నువ్వు నోరు మూసుకోని ఆడనే ఉండప్పా, బిడ్డ వచ్చినాది" అని అత్త అరిచింది.

పాప "అవ్వా" అంటూ ఆమె మీదికి పరుగెత్తింది. అత్త రెండు చేతులూ అడ్డం పెట్టి వెనక్కి జరిగింది. "వద్దు నాయనా, వద్దు. అవ్వ చీరె నిండా పొగుండాది. నీళ్లు పోసుకోనొస్తా, అప్పుడు ఎత్తుకుంటా." పాపకు అర్థం కాలేదు. అవ్వ తనను తోసేసిందని నేల మీద కూర్చుని ఏడ్చింది. అత్త దూరంగా నిలబడి, చేతులు చాపబోయి, మళ్లీ దించుకుంది.

నేను చెప్పింది పండుగ దాటించడానికి. ఆమె దాన్ని పాప ఒంట్లో ఉన్న రోగంగా తీసుకుంది.

తలస్నానం చేసి వచ్చి, తడి జుట్టుతోనే పాపను ఒళ్లో పెట్టుకుని ఆమె చెప్పింది. "అంతా నా మూలాన్నేమ్మా. పోయినేడు గుండం కాడ బిడ్డనెత్తుకోని నిలబడితి గదా. పీర్లు వచ్చేవరకూ కదల్లేదు. ఆ పొగ లోపలికి పోయింటాది. ఈ ఏడు పాప బదులు నేనే దారం యేసుకోని ఐదిండ్లు తిరిగితి. సాయిబన్నకు చెప్తే, ఆయప్ప చావిట్లో ఊదు గూడా ఎయ్యలా. పాప పేరున కట్టిన దారం ఆడుండాది, దానికి పొగ తగలకూడదని. ఈ బేస్తవారం పోయి మొక్కే ఇడిపించుకోనొస్తా. బిడ్డకు మంచి చేసేకి మొక్కుకుంటే చెడు చేసినట్లాయె."

సాయిబన్న అంటే చావిట్లో పీర్లను చూసుకునే ముసలాయన. ఊదు అంటే సాంబ్రాణి. ఆ వాసన లేని పీర్లపండుగను ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. నా ఒక్క మాటకు ఒక పండుగ తన పద్ధతి మార్చుకుంది. అవసరాన్ని బట్టి ఆచారాలు వంగుతాయన్నది నేను పిల్లలకు నోట్సు చెప్పి రాయించిన మాటే. అవసరమే అబద్ధమైతే ఏమవుతుందో ఏ పండితుడూ నాకు చెప్పలేదు.

బేస్తవారం, అంటే గురువారం లోపల చెప్పాలి. ధర్మవరం పోయాక ఫోనులో చెబుదామా అని ఒకసారి అనిపించింది. అట్లా అనిపించినందుకే అక్కడే చెప్పేశాను.

"అత్తా, పాపకు ఏమీ లేదు. డాక్టరు అట్లా చెప్పలేదు. నేనే చెప్పాను."

ఆమె ముఖంలో ముందు వచ్చింది కోపం కాదు. "ఏమీ ల్యాదా? ఆయాసం ల్యాదా?" అని పాప వీపు మీద చెయ్యి వేసి, చెవి ఆనించి విన్నది. "నా తల్లే" అని దాని తల ముద్దుపెట్టుకుంది. ఆ తర్వాతే నా వైపు తిరిగింది.

"మరి యెందుకు చెప్తివి?"

అన్న సంగతి చెప్పాను. ఆమె పాప జుట్టు సవరించింది.

"కాలేజీలో అంతమందికి చెప్తావంటనే. మీ యన్న ఒకనికి చెప్పల్యాకపోతివా? మీ అంగడోళ్లంతా ఇంతేలే, మాట బయటికొస్తే సరుకు పోయినట్ల." చివాలున లేచింది. "లెయ్. సాయిబన్నకు నువ్వే చెప్పాల. నా నోటితో నేను చెప్పను."

ముగ్గురం పోయేసరికి ఆయన ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని మేకపలుపు అల్లుకుంటున్నాడు. పాపను చూసి పలుపు పక్కన పెట్టి, "బాగుండావా అవ్వా?" అని దాన్ని ముద్దుగా పలకరించాడు. పాప పిలిచినట్టే నేనూ తాతా అని పిలిచి, నిలబడే చెప్పాను. ఆయన తల గోక్కుంటూ విన్నాడు. తిడతాడనుకున్నాను. నవ్వాడు, కానీ ఆ నవ్వు నిలబడలేదు.

"పాపకు బాగుంటే అదే చాలు తల్లీ. కానీ ఒక చిక్కుండాది. మావోడు బెంగళూరులో పని చేస్తాడు గదా. ఈ పీర్లు, ఊదు, ఇవన్నీ మన దీన్లో, మన మతంలో, లేవు నాయనా, మానేయ్ అని ఏండ్ల నుంచి చెప్తాండాడు. ఈ ఏడు పండక్కొచ్చి, ఊదు ఎయ్యలేదని సంబరపడిపాయ. ఇంగ మళ్లా ఎయ్యొద్దని నాతో మాట తీసుకున్నాడు. బిడ్డ కోసం మానినాననుకోని, నేనూ సరే అంటి."

"సరే" అన్న మాట ఆయన నోట విని తల దించుకున్నాను.

"మీరు మాట ఇచ్చింది నా అబద్ధం నమ్మి కదా తాతా. మీ అబ్బాయితో నేను మాట్లాడతాను."

ఆయన కొడుకుకు ఫోను కలిపి ఇచ్చాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అటువైపు మనిషి మర్యాదగానే విన్నాడు. "పర్వాలేదక్కా. మీరు ఎందుకు చెప్పినా మాకు మంచే జరిగింది. నాయన్ను మళ్లా దాంట్లోకి లాగొద్దండి" అని పెట్టేశాడు. ఆయన్నూ తప్పు పట్టలేను. వాళ్ల నాయనను నలుగురూ ఏమంటారోనని ఆయన భయం ఆయనకుంది.

ఫోను ముసలాయనకు తిరిగి ఇచ్చాను. ఆయన పలుపు చేతికి తీసుకుని, వదిలేసిన చోటి నుంచి అల్లడం మొదలుపెట్టాడు.

నేను ఫోనులో ఉండగానే పాపను చంకనేసుకుని పోయిన అత్త వీధి మలుపులో నిలబడి ఉంది. మొక్కు విడిపించుకోను అంది, అంతే. వచ్చే ఏడు తోలుకొస్తావా అని అడగలేదు. అడిగితే బాగుండేది.

అక్కడే గోడకు ఆనుకుని అన్నకు ఫోను చేశాను. అంగట్లో బేరం మీద ఉన్నట్టున్నాడు, త్రాసు చప్పుడు వినిపిస్తోంది.

"అన్నా, వచ్చే పీర్లపండక్కి పాప ఫకీరవుతుంది. ఈ ఏడు ఎగ్గొట్టింది నీకు భయపడే. ఇంక ఎగ్గొట్టను."

త్రాసు ఆగింది. "నేను నిన్ను ఎప్పుడన్నా భయపెట్టినానా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అదే నన్ను పొడిచింది. "సరేలే, నీ బిడ్డ, నీ ఇష్టం" అని పెట్టేశాడు.

అన్న ఆదివారం ఆదివారం ధర్మవరం వచ్చి పాపను బండి మీద తిప్పేవాడు. అప్పటి నుంచి రాలేదు. పాప పొద్దున్నే లేచి బాల్కనీలోకి పోయి, కింద బండి చప్పుడైనప్పుడల్లా కమ్మీల సందులోంచి తొంగి చూస్తుంది. మామయ్యకు పని ఉందని దానికి చెబుతున్నాను. ఇది కూడా నేను కల్పించిన మాటే.