బియ్యం తినే కోడలు

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇలా నడుం వాల్చానో లేదో, వంటింట్లోంచి బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. వంట అయిపోయిన వేళ బియ్యంతో పనేమిటా అని లేచి వెళ్ళి చూద్దును కదా, మా కోడలు గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని, కిటికీ దగ్గర నిలబడి, ఒక్కొక్క గింజే నోట్లో వేసుకుంటోంది. నన్ను చూడగానే చెయ్యి వెనక్కి పెట్టుకుని, "ఏం లేదండి అత్తయ్యగారూ, ఊరికే" అంది. ఆ చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పి గోళ్ళు చూశాను, కింది రెప్ప లాగి కన్ను చూశాను, మర్నాడు పొద్దున్నే రక్తపరీక్షకి వెళ్తున్నామని చెప్పాను. బియ్యం తింటే పరీక్షలేమిటండీ అని ఆ పిల్ల నవ్వింది. నవ్వదూ మరి, ఆ నవ్వు ఒకప్పుడు నేను నవ్వినదే.

నా ఈడు ఆడవాళ్ళకి చెప్పనక్కర్లేదు, మన చిన్నతనంలో బియ్యం తినని ఆడపిల్ల ఎక్కడుంది? చేటలో చెరుగుతూ నాలుగు గింజలు, రాళ్ళు ఏరుతూ నాలుగు, ఎసట్లో పోసేముందు మరో నాలుగు నోట్లో పడవలసిందే. బియ్యం తింటే పెళ్ళినాడు వాన కురుస్తుందని పెద్దవాళ్ళు బెదిరించేవారు. నా పెళ్ళికి నిజంగానే వాన కురిసింది. పందిరి కారిపోయి, సన్నాయి తడవకుండా భజంత్రీలు అరుగెక్కి కూర్చుంటే, మగపెళ్ళివారిలో ఒక పెద్దావిడ పిల్లకి బియ్యం తినే అలవాటుందేమో అడిగారా అని వేళాకోళమాడింది, దానికి మా అమ్మ తల వంచుకుని నవ్వింది. ఆ నవ్వు ఎందుకో నాకొక్కదానికే తెలుసు, ఎందుకంటే మా ఇంట్లో నాకంటే ఎక్కువ బియ్యం తినేది మా అమ్మే. ఇంటిల్లిపాదీ భోంచేశాక అడుగూ బొడుగూ ఏదో తిని, వంటింటి గుమ్మంలో కూలబడి, కొంగులో పోసుకున్న బియ్యం నములుతూ ఉండేది, నేను వెళ్ళి పక్కన కూర్చుంటే నా చేతిలోనూ కాసిని పోసేది. మా అమ్మది గుమ్మపాల రంగు అని ఊరంతా మెచ్చుకునేవారు. ఆ రంగు నాకు రాలేదని నేను చాలాకాలం బాధపడ్డాను కూడాను.

నేను కాపురానికి వచ్చింది ఆత్రేయపురం పక్క ఊరికి. మా అత్తగారింట్లో పూతరేకులు తీసేవారు. తినేవాళ్ళందరికీ ఆ మిఠాయి తెలుసుగాని తీసే కష్టం తెలియదు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట వేసి, నానబోసి రుబ్బిన బియ్యప్పిండిని నీళ్ళలా జారుగా కలిపి, పలచటి గుడ్డ అందులో ముంచి, కాలే కుండ మీద ఒక్క లాగు లాగితే, కాగితం కంటే పలచగా పొర కడుతుంది. దాన్ని చిరక్కుండా పైకి లేపడంలోనే ఉంది విద్యంతా. చెయ్యి రవంత వణికినా రేకు రెండు ముక్కలవుతుంది. మా అత్తగారి నోరు కాస్త గట్టిదేగాని చెయ్యి మాత్రం బంగారం. ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుని, చేతులు కాల్చుకుంటూ నేర్చుకున్నాను. కొన్నేళ్ళకి పలచటి రేకు కావాలంటే మా ఇంటికే రావాలన్న పేరు నా చేతికి వచ్చింది. ఆ గర్వం నాకు ఉండేది, ఇప్పటికీ ఉంది, దాచుకోవడం దేనికి?

నలభై దాటాక నెలసరి నన్ను పట్టి పీడించడం మొదలుపెట్టింది. ఆ సంగతి డాక్టరుకి కాదు, కట్టుకున్నవాడికి చెప్పాలన్నా మా తరానికి సిగ్గే. నీరసమంటే ఎండలనుకున్నాను, ఆయాసమంటే పొయ్యి సెగ అనుకున్నాను. కాలువ గట్టు ఎక్కాలంటే మధ్యలో ఆగి, ఎవరైనా చూస్తే బాగుండదని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు నటించేదాన్ని. దువ్వితే జుట్టంతా దువ్వెనకే వచ్చేది. మంట ముందు కూర్చుని ఒళ్ళంతా చెమటలు పడుతున్నా అరికాళ్ళు మాత్రం చల్లగా ఉండేవి. వీటన్నిటితోపాటు బియ్యం మీద యావ పెరిగిపోయింది. రుబ్బడానికి నానబోసిన బియ్యం పక్కనే ఉండేది, నా ప్రమేయం లేకుండానే చెయ్యి అందులోకి వెళ్ళేది. "పిండికేమైనా మిగులుత్తావా అమ్మా, అంతా నువ్వే మేసేత్తావా" అని మా అత్తగారు దెప్పేవారు. మా వారు అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లారీ నడిపేవారు, నెలలో సగం రోజులు పై రాష్ట్రాల్లోనే ఉండేవారు. ఇంటికి వచ్చినప్పుడు ఆయనా తల్లితో కలిసి నవ్వేవారు. మొత్తానికి వీధిలో నాకు బియ్యం తినే కోడలని పేరు పడిపోయింది.

ఊళ్ళోకి వచ్చే నర్సమ్మ నా కళ్ళు చూసి, రక్తం తక్కువగా ఉన్నట్టుందని ఐరన్ మాత్రలు ఇచ్చింది. మన ఇళ్ళల్లో మాత్ర అంటే వేడి, వేడికి విరుగుడు పాలు. "ఒట్టి నీళ్ళతో మింగకే, వేడి చేత్తాది" అని మా అత్తగారు రోజూ గ్లాసుడు పాలు స్వయంగా తెచ్చి ఇచ్చేవారు. ఆ వెంటనే, పొయ్యి ముందుకు వెళ్ళాలి కదా అని చిక్కటి కాఫీ. ఎంత ప్రేమగా ఇచ్చేవారో అంత శ్రద్ధగా నేను తాగేదాన్ని, నెలలు గడిచినా రవంత గుణం కనిపించలేదు. మా వీధిలో నా ఈడు ఆడవాళ్ళు చాలామంది అప్పటికే గర్భసంచి తీయించేసుకున్నారు. నువ్వూ తీయించేసుకో, పీడా వదిలిపోతుంది అని నీళ్ళ పంపు దగ్గర కనిపించిన ప్రతివాళ్ళూ సలహా చెప్పేవారు.

ఇలా ఉండగా శ్రావణమాసం వచ్చింది. పేరంటాలకీ పెళ్ళిళ్ళకీ చేతినిండా పని. ఒకనాడు పొద్దున్న ఏ రేకు లేపినా చిరిగిపోతోంది. చెయ్యి నా మాట వినడం లేదు. పంతం కొద్దీ మళ్ళీ గుడ్డ ముంచాను, కళ్ళముందు కుండ గిర్రున తిరిగింది, మోచేతి దాకా దాని మీద వాలిపోయాను. మా అత్తగారు నన్ను అమాంతం వెనక్కి లాగి, కాలినచోట నీళ్ళు గుమ్మరిస్తూ ఏడ్చేశారు. సాయంత్రం నేను తేరుకున్నాక, "ఇంక నువ్వు కుండ జోలికి రాకమ్మా, పంచదార జల్లి మడతలు పెట్టుకో చాలు" అన్నారు. నామీద జాలితోనే అన్నారు, నాకా సంగతి తెలుసు. అయినా ఆ మాట కాలిన చేతికంటే ఎక్కువ మండింది. మడతలు మా ఇంట్లో ఎవరైనా పెట్టగలరు. ఎలాగైనా సరే మళ్ళీ ఆ కుండ ముందు కూర్చుని తీరాలని ఆ పూటే గట్టిగా అనుకున్నాను.

అమలాపురంలో ఒక ఆడ డాక్టరుగారి దగ్గరకి వెళ్ళాం, నేనూ మా అత్తగారూ. ఆవిడ పరీక్షలు చేయించి, ఉండవలసిన రక్తంలో ఇంచుమించు సగమే ఉందని చెప్పి, బియ్యం గాని సుద్ద గాని తినాలనిపిస్తుందా అని అడిగారు. నేను నోరు విప్పేలోగానే మా అత్తగారు, "ఆయ్, బియ్యం తింటాదండి, ఎంత చెప్పినా వినదండి" అని ఫిర్యాదు చేశారు. డాక్టరుగారు నవ్వలేదు. అది తిండి యావ కాదనీ, ఒంట్లో ఇనుము తగ్గిపోతే కొందరికి అలా అనిపిస్తుందనీ, పాలూ కాఫీలతో మింగితే మాత్రలో ఇనుము సరిగ్గా వంటబట్టదనీ నెమ్మదిగా వివరించారు. గర్భసంచి మాట తరవాత చూద్దాం, నెలసరికి మందులు వాడదాం, ముందు ఇనుము నరంలోకే ఎక్కిద్దాం, ఇంత తక్కువున్నప్పుడు మాత్రలతో అందుకోలేం అన్నారు. తిరుగు ప్రయాణంలో రావులపాలెంలో బస్సు మారుతుంటే మా అత్తగారు నా చేతిసంచి తీసుకుని తనే మోశారు.

సెలైను పెట్టించుకోవడం మనకి కొత్తేం కాదు, కాస్త నీరసం చేస్తే చాలు బలానికి ఒక సీసా ఎక్కించమని మనమే అడుగుతాం. ఈ సీసా అలాంటిది కాదు. బెల్లం పానకం రంగులో ఉంది, చుక్క చుక్కగా ఎంతో నెమ్మదిగా దిగింది. నరం దొరక్క ఆ నర్సు పిల్ల నాకంటే ఎక్కువ కంగారు పడింది, నేనే రెండో చెయ్యి చాపి, ఇది చూడమ్మా అన్నాను. సీసా నడుస్తున్నంతసేపూ వచ్చి నాడి చూస్తూ, దురదగా ఉందా, ఆయాసంగా ఉందా అని అడుగుతూనే ఉన్నారు. తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టు నోరంతా ఒకటే చేదు. నేను మాత్రం కాలిన చేతి మీది మచ్చ చూసుకుంటూ పడుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి, నాకు రక్తం ఎక్కించారనీ కేసు ప్రమాదంలో ఉందనీ ఊరంతా పాకిపోయింది. కొబ్బరి బోండాలు పట్టుకుని ఒకరి వెనక ఒకరు పరామర్శకి వచ్చారు. మడీ ఆచారం ఎక్కువున్న ఒక ముసలమ్మగారు గుమ్మంలోనే నిలబడి, "ఎవరి రక్తం ఎక్కించేరో కనుక్కున్నారా" అని గుసగుసగా అడిగారు. "రక్తం కాదండి, ఇనుమండి. మా కోడలికి ఇనుము ఎక్కించేరు" అని మా అత్తగారు వీధిలోకి వినబడేలా చెప్పారు. అప్పటిదాకా ఆ సీసాని చూసి భయపడిన మనిషే, ఆ మాట మాత్రం కొంచెం గొప్పగానే చెప్పారు.

ఆ సాయంత్రమే నాకు జ్వరం తగిలింది, కీళ్ళన్నీ పట్టేశాయి. ఒకటి రెండు రోజులు అలా ఉండొచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు గాని ఇంట్లో ఎవరు నమ్ముతారు? పడకపోతే మానెయ్యమని మా వారు ఎక్కడో నాగపూరు రోడ్డు మీంచి ఫోను చేశారు. ఇంక వద్దులెమ్మని మా అత్తగారూ అన్నారు. ఇంకా కొన్ని సీసాలున్నాయి, నేను వెళ్తున్నాను అన్నాను. పెద్దల మాటకి ఎదురుచెప్పడం నాకు అలవాటు లేదు, అయినా కాళ్ళు బస్టాండు వైపే నడిచాయి. ఆ రెండోసారి ఒక్కదాన్నే వెళ్ళాను. కొత్తపేట దాటాక సీటు దొరికేదాకా కమ్మీ పట్టుకుని నిలబడి, పడిపోకూడదు, పడిపోకూడదు అనుకుంటూనే వెళ్ళాను. మూడోసారికి బయలుదేరుతుంటే మా అత్తగారు ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచిలో నిమ్మకాయ నీళ్ళ సీసా పెట్టుకుని నాకంటే ముందే అరుగు మీద కూర్చుని ఉన్నారు. "పాలు కాదులే, పద" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

సీసాలన్నీ పూర్తయ్యాక, ఒకరోజు పొద్దున్న నానిన బియ్యం రోట్లో వేస్తూ చటుక్కున ఆగిపోయాను. ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోలేదు. అప్పుడే కాదు, అంతకుముందు నాలుగైదు రోజులుగా కూడా వేసుకోలేదు. వేసుకోవాలని అనిపించనే లేదు. పరీక్షగా నాలుగు గింజలు నములుదును కదా, చప్పగా, సుద్దలా ఉన్నాయి. ఇన్నాళ్ళూ నేను ఎగబడి తిన్నది దీన్నేనా అనిపించింది. ఇంకొన్ని వారాలకి కాలువ గట్టు ఎక్కుతూ మధ్యలో ఆగడం మానేశాను. దీపావళి ముందు ఒకనాడు, అడక్కుండానే వెళ్ళి కుండ ముందు పీట వేసుకున్నాను. మా అత్తగారు చూశారుగాని వద్దనలేదు. గుడ్డ ముంచి లాగాను. రేకు నిండుగా లేచి వచ్చింది, పైకెత్తితే అవతల మా అత్తగారి మొహం కనిపించింది. ఆవిడ లేచి, మడతలు పెట్టే పళ్ళెం తన వైపుకి లాక్కున్నారు.

ఇప్పుడు కొబ్బరాకు మంట బదులు చాలా ఇళ్ళల్లో గ్యాసు వచ్చింది, రేకుల్లో జీడిపప్పూ బాదంపప్పూ వచ్చాయి, మా అత్తగారు పోయారు. ఈనాటి పిల్లలు నెలసరి గురించి డాక్టరుతో సిగ్గుపడకుండా మాట్లాడుతున్నారు, రక్తం ఎంతుందో పరీక్ష మార్కుల్లా చెప్పుకుంటున్నారు, నాకది చూస్తే ముచ్చటగా ఉంటుంది. మా కోడలి పరీక్ష కాగితం కూడా వచ్చింది. నేననుకున్నదే, ఇనుము బాగా తక్కువ. రేపే మొదటి సీసా అన్నారు డాక్టరుగారు. ఆసుపత్రికి నేనే దగ్గరుండి తీసుకువెళ్తున్నాను, నిమ్మకాయలు ఇప్పుడే తెప్పించి పెట్టాను.

ఒక్క మా అమ్మ సంగతే నాకు తీరదు. జీవితమంతా నీరసం మనిషన్నారు, ఒకనాడు పెరట్లో కూలబడి అలాగే పోతే, పాపం మొదటినుంచీ బలం లేని మనిషి అన్నారు. అప్పటికి నేనింకా కుండ మీద పడలేదు, ఏ డాక్టరూ నన్ను ఏమీ అడగలేదు. ఊరంతా మెచ్చుకున్న ఆ గుమ్మపాల రంగు అందం కాదనీ, రక్తం లేక పాలిపోవడమనీ ఇప్పుడు నాకు తెలుసు. గుమ్మంలో కూర్చుని ఆవిడ నా చేతిలో పోసిన బియ్యం మాత్రం ఇంకా తియ్యగానే గుర్తుంది. అంతమందిమి ఇంట్లో ఉన్నాం, అమ్మా, బియ్యం ఎందుకు తింటున్నావని ఒక్కళ్ళమూ అడగలేదు.