పెళ్లిపాటల క్యాసెట్

ఎనభైల చివర్ల హుస్నాబాద్ బస్టాండ్ ఎదురుంగ నాకు చిన్న క్యాసెట్ల దుకాణం ఉండేది. ఎవరన్న ఇష్టమైన సినిమా పాటలు చిట్టీ మీద రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లకు ఎక్కించి ఇచ్చేటోన్ని. అది తప్పని ఎవరూ చెప్పలే, నేనూ అడగలే.

మా చెల్లె పెళ్లిల పక్కింటి అత్త పాటలు పాడింది. వాళ్లది మగ్గాలు నడిపే ఇల్లు. ఆ చప్పుడు మీద పాడి పాడి ఆమె గొంతు గంట లెక్క ఖంగుమనేది. ఇంట్ల వినుకుందామని టేపురికార్డర్‌ల పట్టిన. ఒకనాడు దుకాణంల పెడితే గిరాకులు నిలబడి విన్నరు. "మాకోటి చేసియ్యి" అన్నరు. చేసిచ్చిన. ఆ ఎండకాలం పెళ్లిళ్లు అయిపోయేసరికి ఎన్ని చేసిన్నో యాది లేదు.

ఒకరోజు అత్త కరీంనగర్ నుంచి వచ్చి, బస్సు దిగుడుతోనే సంచి పట్టుకొని నా దుకాణానికొచ్చింది.

"ఏంది అల్లుడా, నేనెక్కకముందే నా గొంతు బస్సెక్కి కూసున్నది! డ్రైవర్‌నడిగితే నీ దగ్గర కొన్ననన్నడు."

"అందరు అడుగుతుంటే..." అని నసిగిన.

"ఇంట్ల వినుకుంటే నేనేమంట? అమ్మేటప్పుడు నన్నొక మాట అడగాలె గదా! అట్ట మీద నా పేరు గూడ లేదు. పైంగ నాలుగో పాటల దగ్గిన. గా దగ్గు గూడ అమ్ముతున్నవా?"

గిరాకులు నవ్విండ్రు. అత్త గూడ నవ్వింది. నాకు జర ధైర్యమొచ్చింది.

"తప్పయింది. మళ్ల పాడుతవా అత్తా? వచ్చినదాంట్ల సగం నీది."

"ముందుగాల మంచిగ పాడనియ్యి."

కరెంటు పోయి మగ్గాలాగిన పూట చూసి, సెల్లులేసిన టేపురికార్డర్ పట్టుకొని ఉరికిన. వాడ ఆడోళ్లంత చేరి వంత పాడిండ్రు. ఎవరిదో కోడి కూస్తే మళ్ల మొదటికెల్లి. ఈసారి అట్ట మీద అత్త పేరు పెద్దక్షరాలతోని రాసిన. ఆమెకు చదువు రాదు. అక్షరాల మీద వేలు పెట్టి "గిది నేనేనా?" అన్నది.

కొన్నాళ్లకు కరీంనగర్‌ల ఒక బండి మీద అదే క్యాసెట్ కనబడ్డది. అట్ట మీద నా చేతిరాతే, జిరాక్సు తీసింది. కోపమొచ్చింది.

"హుస్నాబాద్‌ల దుకాణం నాది. గీ పాటలు మేం పట్టినయి. పాడినామెను అడిగినవా?" అన్న.

బండాయన నిమ్మలంగ, "నువ్వు సినిమా పాటలు ఎవరినడిగి ఎక్కిస్తున్నవన్నా?" అన్నడు.

ఇంటికొచ్చి చెప్తే అత్త కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది.

ఒక్కపారే కాదు గాని, మెల్లమెల్లగ సినిమా పాటలు ఎక్కించుడు బందుజేసిన. ఊరూరి పాటగాళ్లను అడిగి, పాడించి, పేరు రాసి అమ్మిన. గిరాకి తగ్గింది. ఫికర్ పడుతుండంగనే లక్సెట్టిపేట దిక్కు నుంచి ఒగ్గుకథ చెప్పేటాయన తనంతల తానే వచ్చి "నన్ను గూడ పట్టరాదుండ్రి" అన్నడు. డోలుతోని ఆయన నా చిన్న దుకాణంల పట్టలే. బస్టాండ్ గద్దె మీదనే కూసోబెట్టి రికార్డు జేసిన.