చిన్నప్పకు నేను పెట్టిన పేరు

ఒక ఖాళీ సీసాను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఖాళీదానికి అంత బరువేమిటని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగి చూసుకున్నాను. అందులో ఉన్నదాన్ని పారబోసింది నేనే, అందుకే బరువు.

నేను కథోలిక గురువును. ఇప్పుడు ముసలివాణ్ణి, హనుమకొండలో ఒక గదిలో ఉంటున్నాను. ఊరి వాళ్లు ఒప్పుకునే పాపాలన్నీ గుళ్లో జాలీకి ఇవతల కూర్చుని విన్నవాణ్ణి. నావంతు వచ్చినప్పుడు మాత్రం తోటి గురువు ముందు మోకరించి, "అబద్ధమాడాను" అని ఊరుకున్నాను. అది నిజమే. కానీ ఎవరి మీద ఆడానో, ఆ మనిషికి ఏమైందో చెప్పలేదు. ఆ మిగతాది మీకు చెబుతున్నాను. మీ పేరు నాకు తెలియదు, నా పేరు మీకు అక్కర్లేదు.

అవి నలభైల నాటి సంగతులు, నిజాం రోజులు. గుంటూరు వైపు నుంచి కొత్తగా గురుపట్టంతో వరంగల్ వచ్చాను. వచ్చీరాగానే నర్సంపేట దారిలోని పల్లెలు నాకు అప్పగించారు. నాతోపాటు తిరిగే ఉపదేశి చిన్నప్ప. పిల్లలకు జపాలు నేర్పేవాడు, పూజ సామాను సంచీ భుజాన వేసుకుని నా వెంట నడిచేవాడు. మగ్గం నేసే ఇంటివాడు. మా నాన్న వయసు ఉంటుంది. నేను ఆయన్ను "నువ్వు" అనేవాణ్ణి, ఆయన నన్ను "స్వామీ" అనేవాడు. అది తప్పని నాకు అప్పుడు తోచలేదు.

ఆ రోజుల్లో మాకో నియమం ఉండేది. పూజ చేసే గురువైనా, సత్ప్రసాదం తీసుకునేవాళ్లయినా అర్ధరాత్రి నుంచి ఏమీ ముట్టకూడదు. మంచినీళ్లు కూడా. ఆ విషయంలో నేను మహా నిక్కచ్చి మనిషిని. ఒకసారి ఒక ఊళ్లో, పొద్దున గుక్కెడు గంజి తాగిందని ఒక ముసలామెను అందరి ముందూ సత్ప్రసాదం ఇవ్వకుండా వెనక్కి పంపాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. నేను నియమం నిలబెట్టానని మురిసిపోయాను.

మళ్లీ అదే ఊరికి పూజకు వెళ్తున్నాం. ఎండాకాలం. దారిలో మేమిద్దరం ఎక్కిన సైకిల్ పంక్చరైంది. నడక మొదలుపెట్టాం. పొద్దెక్కింది, నాలుక పిడచకట్టుకుపోయింది, కళ్లు బైర్లు కమ్మాయి. ఒక మోటబావి దగ్గర కూలబడ్డాను. చిన్నప్ప నీళ్లు చేది, "మొకం కడుక్కోండ్రి స్వామీ" అని దోసిట్లో పోశాడు. నేను కడుక్కోలేదు. తాగేశాను. ఒక దోసిలి కాదు, కడుపు నిండా.

తాగాక గుర్తొచ్చింది. చిన్నప్ప బొక్కెన పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆయన కూడా ఉపవాసమే. ఆ చల్లటి నీళ్లు చేతుల్లో ఉండి కూడా ఒక్క చుక్క ముట్టలేదు.

"గిప్పుడు పూజ చెయ్యరాదా స్వామీ?" అన్నాడు మెల్లగా.

"చెయ్యకూడదు. మహాపాపం."

"ఫికర్ చెయ్యకుండ్రి. నేనే చెప్త. స్వామికి ఎండ కొట్టింది, పానం మీదికొచ్చింది, నేనే తాపిన అని చెప్త. మనోళ్లు ఏమనరు."

ఎంత తేలికైన మాట! ఆ మాట పట్టుకుని ఉంటే సరిపోయేది. కానీ నాకు గంజి తాగిన ముసలామె ముఖం కనిపించింది. ఆమె ముందు నిలబడి నేను నీళ్లు తాగానని చెప్పడమా?

"నోరు మూసుకో. నేను చూసుకుంటాను," అన్నాను.

ఊరి దగ్గరికి వచ్చాక సంచీ నేనే అడిగి తీసుకున్నాను. గుడి వెనక్కి వెళ్లి, పూజకు తెచ్చిన ద్రాక్షారసం మట్టిలో పారబోశాను. అది లేనిదే పూజ జరగదు. యుద్ధం రోజులు, అది దొరకడమే గగనం. లోపలికి వచ్చి ఖాళీ సీసా చూపించాను. దారిలో ఒలికిపోయింది, ఈసారికి పూజ లేదు అన్నాను. దొంగపూజ చేయడానికి వణికిపోయినవాణ్ణి, ఆ మాట చెప్పడానికి మాత్రం వణకలేదు.

అందరూ ఉపవాసంతో ఉన్నారు. చంటిబిడ్డల తల్లులు కూడా. నెలల తరబడి ఆ పూజ కోసం ఎదురుచూసినవాళ్లు. ఊరి పెద్ద లేచి సంచీ తడిమి చూశాడు. సంచీ పొడిగా ఉంది. ఒలికితే తడవాలి కదా. నాకు ఆ సంగతి తట్టనే లేదు.

"సంచి పొడిగనే ఉన్నది గదనే చిన్నప్పా. రసం ఏడికి వోయింది?" అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. చిన్నప్ప నా వైపు చూశాడు. నేను పీఠం మీది గుడ్డ మడతలు సరిచేస్తూ నిలబడ్డాను. ఆయన నోరు మూసుకున్నాడు. నేను మూసుకోమన్నాను కదా.

చిన్నప్ప రసం తాగేశాడన్న కబురు వరంగల్ చేరింది. పెద్ద స్వామి నన్ను పిలిచి, అతను తాగడం నువ్వు చూశావా అని అడిగారు. "చూడలేదు" అన్నాను. ఎంత తెలివైన జవాబో చూడండి. చిన్నప్పను ఉపదేశి పని నుంచి తీసేశారు. ఆయన మళ్లీ మగ్గం ఎక్కాడు. ఊరు ఆయన్ను సీసా చిన్నప్ప అంది.

తర్వాత ఆ ఊరు ఎప్పుడు వెళ్లినా, పూజ ముగియగానే చిన్నప్ప చెంబుతో నీళ్లు తెచ్చేవాడు. "ఇగ తాగుండ్రి స్వామీ" అనేవాడు. దెప్పిపొడుపేమోనని మొదట్లో ఆయన కళ్లల్లోకి చూసి వెతికేవాణ్ణి. అలాంటిదేమీ కనిపించలేదు. కొన్నాళ్లకు తల్లులు పిల్లల్ని మళ్లీ ఆయన దగ్గరికే పంపారు. ఆయన నేస్తూ జపం చెబుతుంటే పిల్లలు మగ్గం చుట్టూ కూర్చుని వల్లించేవారు. అది చూసి సంతోషించాను, సిగ్గుపడ్డాను, ఏమీ చెప్పకుండా తిరిగొచ్చాను. ఆయన్ను సమాధి చేసింది కూడా నేనే. అక్కడా నిజం చెప్పకుండానే జపాలు ముగించాను.

ఆ ఉపవాస నియమం తర్వాత సడలించారు. నీళ్లు తాగితే ఏమీ కాదన్నారు. ఆ వార్త విన్న రోజు గదిలో తలుపు వేసుకుని ఏడ్చాను.

మొన్న ఒక అమ్మాయి వచ్చింది. ఆ ఊళ్లో కొత్త గుడి కట్టారట, ఆదివారం ప్రసంగం నేనే చేయాలట. ఎవరి పిల్లవమ్మా అని అడిగాను.

"సీసోళ్ల పిల్లను స్వామీ. చిన్నప్ప మనవరాలిని," అంది. ఆ పేరు ఎందుకొచ్చిందో తనకు తెలియదని చెప్పి నవ్వేసింది. బళ్లో కూడా అట్లనే పిలుస్తరట. వస్తానని మాటిచ్చాను.

ఇక్కడి వరకు రాసి కలం పక్కన పెట్టాను. ఊపిరి బాగా ఆడుతోంది. వాళ్లు నన్ను ఏమంటారో తెలియదు. క్షమించమని అడగను. క్షమించానని చెప్పగలిగిన మనిషి సమాధిలో ఉన్నాడు.

ఆదివారం పొద్దున మంచినీళ్లు తాగే బయల్దేరతాను. ప్రసంగంలో ఆ అమ్మాయిని పక్కన నిలబెట్టుకుని, ఆ పేరు వాళ్లింటిది కాదు, నాది అని చెబుతాను.