కంచు సరంగు జరిగిన ఏడాది

పుంతా గార్సా రేవులో అందరికంటే మొండిమనిషి ఎవరని చేపల బజారులో అడిగితే, ఓతీలియా పేరే చెబుతారు. అరవై తొమ్మిదేళ్లు. వలలు అల్లీ అల్లీ వేళ్లు వంకర్లు పోయాయి గానీ, మాట మాత్రం ఇప్పటికీ నిటారే. ఆమె మొగుడు నొల్బెర్తో పడవతో సహా మునిగిపోయి ముప్ఫై ఒక్క ఏళ్లయింది. శవం దొరకలేదు. కొండమీది శ్మశానంలో అతనికి ఆరడుగుల నేల కూడా లేదు. ఆమెకి మిగిలిందల్లా నీళ్లలో ఒక చోటు.

ఆ చోటుకి గురుతులు రెండు. పడవలోంచి చూస్తే దీపస్తంభం దీవి కొనకి ఆనుకోవాలి. ఒడ్డున ఉన్న కంచు సరంగు విగ్రహం తల సరిగ్గా నీలం చర్చి గోపురం కిందికి రావాలి. ఈ రెండూ కుదిరిన చోట లోతు పద్దెనిమిది బారలు, అడుగున తెల్లటి గుల్లపొడి. ఆ రోజు బతికి బయటపడ్డ జతగాడు చెప్పిన గురుతులివి. ఏటా జాలర్లని కాచే సాన్ పెద్రో పండగనాడు, స్వామి విగ్రహాన్ని పడవమీద ఊరేగించడం అయ్యాక, ఓతీలియా ఎర్ర కార్నేషన్ పూలు పట్టుకుని అక్కడికి వెళ్తుంది.

ఈ ఏడూ వెళ్లింది. లాంచీ నడిపేది ఆమె అన్న కొడుకు ఎవారిస్తో. గురుతులు రెండూ కుదిరాయి. అడుగునున్న మట్టి అంటుకునేలా ఆమె సీసం గుండుకి కింద కొవ్వు రాసి తాడు వదిలింది. పైకి లాగి చూస్తే కొవ్వుకి నల్లటి బురద.

“ఇది కాదు,” అంది.

“గురుతులు కుదిరాయి కదత్తా! ఇన్నేళ్లలో సముద్రం అడుగు మారదా? పూలు వేసెయ్. ఆలస్యమైతే పండగ పులుసులో మనకి ముళ్లే మిగులుతాయి.”

“నీ తిండి గోల నీది. మీ మామయ్య బురదలో లేడు.”

మళ్లీ గుండు వేసింది. మళ్లీ బురదే. ఓతీలియా కళ్లు చికిలించి ఒడ్డుకేసి చూసింది. చక్రం పట్టుకుని నిలబడ్డ కంచు సరంగు, అతని కాళ్ల దగ్గర మునిగినవాళ్ల పేర్లు చెక్కిన పీఠం, వెనక కస్టమ్స్ ఆఫీసు గడియారం, కొండ ఎక్కే ఎర్రబండి, రంగురంగుల రేకుల ఇళ్లు. అన్నీ ఉన్నాయి. కానీ సరంగుకి కుడిపక్కనే చేపల బజారు కప్పు కనిపిస్తోంది. అది ఎప్పుడూ అంత దగ్గర లేదు.

“ఒరేయ్, వాణ్ని జరిపారు కదరా!”

నిజమే. తీరం రోడ్డు వెడల్పు చేయాలని పోయిన వేసవిలో మునిసిపాలిటీవాళ్లు సరంగుని పీఠంతో సహా క్రేనుతో లేపి, నలభై అంగలు బజారువైపు జరిపారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఓతీలియా కూడా కొట్టింది. పడవల్లోకి దారి చూపే కంప్యూటర్ తెరలొచ్చాక గురుతులు చూసుకునేవాడే లేడు, అందుకని గురుతు తప్పుతుందని ఎవరికీ తట్టలేదు. ఆ సరంగుని కళ్లలో పెట్టుకున్న ఆమెకే తట్టలేదు. ఆ చోటు పోతే మొగుణ్ని రెండోసారి పోగొట్టుకున్నట్టే.

ఎవారిస్తో జేబులోంచి ఫోను లాక్కుని ఆడపడుచు గ్రిసెల్దాకి చేసింది. గ్రిసెల్దా ఒడ్డునే చేపలు వేయించి అమ్ముతుంది. అన్న పోయిన నాటినుంచీ సముద్రం వైపు మొహం పెట్టలేదు, పొయ్యి కూడా అటు వీపు వచ్చేలా తిప్పించుకుంది.

“సరంగు పాతచోట ఇప్పుడేముందే?”

“పూలకుండీ. ఏం వదినా, నడిసముద్రంలో పూలకుండీ గుర్తొచ్చిందా?”

“నీ పెళ్లి బీరువా అద్దం తెచ్చి అక్కడ నిలబెట్టు. ఎండ మామీద పడేట్టు తిప్పు.”

“పిచ్చా నీకు? నిలువెత్తు అద్దం! మూడంతస్తుల మెట్లు! ఎవరు దింపుతారు, సాన్ పెద్రోనా?”

“మీ అన్న చోటు తప్పిపోయిందే.”

అవతల నూనె చిటపటలు వినిపించాయి. తర్వాత అవి ఆగిపోయాయి.

గంట గడిచింది. ఒడ్డున ఏదో మెరిసి పోయింది. మళ్లీ మెరిసింది, ఈసారి నిలిచింది. పట్టపగలు చర్చి ముందు చుక్క పొడిచినట్టుంది. ఇన్నేళ్లూ ఓతీలియా నీళ్లమీదనుంచి ఊరిని చూస్తూ వచ్చింది. ఊరు ఆమెని తిరిగి చూడటం ఇదే మొదలు. గడియారం, ఎర్రబండి, రేకుల ఇళ్లు, చివరికి కంచు సరంగు కూడా ఆ వెలుగు ముందు చిన్నబోయాయి. ఎవారిస్తో టోపీ తీసేశాడు.

“ఎడమకి పోనీరా. ఇంకా. నెమ్మదిగా... ఆపు!”

వెలుగు గోపురం కిందికి వచ్చింది. గుండు దిగింది. పద్దెనిమిది బారలు. పైకొచ్చిన కొవ్వు నిండా తెల్లటి గుల్లపొడి. ఓతీలియా దాన్ని బొటనవేలితో తడిమి, ఏడుస్తూనే పూలు ఒక్కొక్కటీ నీళ్లలో వదిలింది.

ఫోను మోగింది.

“పండగ బాజావాళ్లు మోశారు వదినా. ఓ మూల పగిలింది,” అంది గ్రిసెల్దా. “అద్దం పట్టుకోవాలంటే సముద్రం కేసి తిరక్క తప్పలేదు. చేరారా?”

“చేరాం.”

“అయితే దించెయ్యనా? చేతులు లాగుతున్నాయి.”

“ఇంకాసేపు నిలబడు గ్రిసెల్దా. మీ అన్న నీ మొహం చూసి ముప్ఫై ఒక్క ఏళ్లయింది.”