మోగితేనే ఎక్కుతా

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులో ముద్దనూరు నుంచి జమ్మలమడుగు పోతున్నాను. దారిలోని కొండ కనుమ ఇంకా ఎక్కకముందే, వెనక చక్రం మీద బస్సు బరువు మోసే ఇనప కమాను పట్టీ విరిగింది. మధ్యాహ్నమంతా ఎండలో కూర్చున్నాక బస్సు ఏజెంటు కొత్త పట్టీ తెచ్చాడు. డ్రైవరు దాన్ని బిగించబోతుంటే, చీరల మూట అమ్ముకోను పోతున్న ఒక ముసలామె వచ్చి చక్రానికి అడ్డంగా కూర్చుంది.

"దాన్ని ఒగసారి కొట్టప్పా, ఇందాం. కుండ కొనేటప్పుడు కొట్టి సూడమా? పగులుంటే మోగదు."

"మద్రాసు నుంచి సీలుతో వచ్చిన సరుకవ్వా ఇది! సంతలో కుండ అనుకుంటివా?" అని ఏజెంటు కసిరాడు.

"సీలేసినోళ్లు ఈ బస్సు ఎక్కుతాండారా? కనుమ ఎక్కేది మేము గదా!"

పొద్దు పోతోందని జనం ఆమె మీదే కేకలేశారు. ఆమె కదల్లేదు. చివరికి డ్రైవరు ఆ పట్టీని తాడుకు వేలాడదీసి పానాతో కొట్టాడు. ఖంగుమంది. ఆ మోత కాసేపటిదాకా ఆగలేదు.

"సూసినావా? బాగుండాదని నేను ముందే చెప్పలా!" అని ఏజెంటు నవ్వాడు.

ఆమె లేచి, చీర దులుపుకొని, మూట నెత్తికెత్తుకుంది.

"నువ్వు చెప్పినావని ఎక్కుతాండానా? నా చెవులతో నేను ఇన్నా. దానికి ఎక్కుతాండా."

ఇప్పుడు నా పాత కారుకు ఏ సామాను కొత్తగా తెచ్చినా, బిగించే ముందు అట్టపెట్టె విప్పి నా చేతికిమ్మంటాను. కంపెనీ సరుకేనండీ అని మెకానిక్కు విసుక్కుంటాడు.

విసుక్కోనీ.